జోడేఘాట్ తర్వాత పలక

నాజీ మారణహోమంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని బతికి బయటపడిన పిల్లల్లో కొందరు ఆ తర్వాత పరాయి నేల మీద సేద్యగాళ్ళయ్యారు, పిల్లలకు చదువు చెప్పారు. వారి జీవితకథలు ప్రపంచ భాషలన్నింటిలోకీ వచ్చాయి. ఆ ఘోరం పక్కన మరో ఘోరాన్ని పెట్టి తూచడం నా ఉద్దేశం కాదు. అయితే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు, నాగలి, పలక - ఈ మూడూ కలిసిన చరిత్ర మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉంది. దాని మొదటి సగాన్ని పట్టించుకున్న మన సాహిత్యం రెండో సగాన్ని గాలికొదిలేసిందన్నది నా ఫిర్యాదు.

మొదటి సగం అందరికీ తెలిసిందే. గోండుల నోట నిలిచిన కథనం ప్రకారం, సంకేపల్లిలో పుట్టిన కుమ్రం భీం తండ్రిని జంగ్లాతోళ్ళు చంపేనాటికి ఆ కుర్రవాడికి పదిహేనేళ్ళు. కుటుంబం సుర్దాపూర్ చేరింది. అడవి నరికి, దున్ని, పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనేవాడు భూమి తనదన్నాడు. గొడవలో సిద్దిఖీ చచ్చాడు, భీం పారిపోయాడు. చంద్రాపూర్‌లో విఠోబా అనే అచ్చాపీసు యజమాని దగ్గర చేరి అక్షరాలు నేర్చాడు. తర్వాత అస్సాం తేయాకు తోటలు, మళ్ళీ అడవి, మళ్ళీ నాగలి. పన్నెండు గూడేల పోరాటం ఆ తర్వాతి మాట. 1940లో జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన సహచరులు నేలకొరిగారు.

ఈ కథనంలో ఒక అంశాన్ని మనం తేలిగ్గా దాటిపోతున్నాం. భీంకు అక్షరం బడిలో దొరకలేదు. పరారీలో, ఊరుగాని ఊళ్ళో, అచ్చు యంత్రం పక్కన దొరికింది. గోండు పిల్లవాడికి సొంత ఊళ్ళో అక్షరం దొరకని వ్యవస్థ అది. పట్వారీ ఏం రాశాడో గోండుకు తెలియదు. తరాలుగా దున్నుతున్న చేను కాగితం మీద షావుకారుదని కచేరీలో నిలబడ్డనాడే తెలిసేది. అక్షరం లేకపోవడమంటే భూమి లేకపోవడమే!

ఇక రెండో సగం. తిరుగుబాటును అణచిన సర్కారుకు దాని మూలాలు తెలుసుకోవలసిన అవసరం పడింది. ఆ పనికి దొరికిన మనిషి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ మింగేయడంతో ఆయన చేతికి జర్మన్ పాస్‌పోర్టు వచ్చింది. యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశీయుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్న షరతు మీద చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య, చివరికి గోండుల మధ్య పనిచేశాడు. యుద్ధం ఒక మనిషిని ఎక్కడి నుంచి ఎక్కడికి విసిరేస్తుందో చూడండి. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో కాపురం పెట్టారు.

1943లో, వార్సా ఘెట్టోను నాజీలు తగలబెట్టిన ఏడాదే, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మరాఠీలో కూడబలుక్కుని చదవగలిగే గోండు యువకులు అప్పటికి వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. నాగలి పట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన అలాంటివారినే పంతుళ్ళుగా తయారుచేశారు. గోండీలో వాచకాలు తయారయ్యాయి, దేవనాగరి లిపిలో. ఆ పనిలో సేతుమాధవరావు పగడి అనే అధికారి పాత్ర పెద్దది. గోండీ నేర్చి వ్యాకరణం రాసిన మనిషాయన. మరోవంక లావణి పట్టాల పంపిణీ సాగింది. 1949 నాటికి పదకొండు వేల పైచిలుకు ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయని హైమెన్‌డార్ఫ్ లెక్క.

ఇది సర్కారు ఔదార్యమా? కానే కాదు. జోడేఘాట్ నెత్తురు లేకపోతే మార్లవాయి పలక లేదు. మరో గుట్ట మీద మరో భీం లేవకుండా చూసుకోవడం పాలకుల లెక్క. కానీ పాలకుల లెక్క ఏదైనా, పలక పట్టినవాడి లెక్క వేరు. పట్టా కాగితాన్ని గోండు మొదటిసారి తన కళ్ళతో చదువుకున్నాడు. ఈ వైరుధ్యాన్ని చూడలేని విమర్శ హైమెన్‌డార్ఫ్‌ను దేవుణ్ణయినా చేస్తుంది, నిజాం ఏజెంటునయినా చేస్తుంది. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులున్నాయి. గోండులు ఏటా అక్కడ వాళ్ళను తలచుకుంటారు. మన తీర్పు కోసం వాళ్ళేమీ ఆగలేదు.

తర్వాత జరిగింది తెలిసిందే. సంస్థానం పోయింది, 1956లో రాష్ట్రాలు మారాయి, రోడ్ల వెంట వలసలొచ్చాయి, పట్టా భూములు చేతులు మారాయి. గోండీ వాచకాలు మూలపడ్డాయి. గోండు పిల్లవాడు తెలుగు బళ్ళో మూగవాడయ్యాడు. డెబ్బైల్లో తిరిగొచ్చిన హైమెన్‌డార్ఫ్ తాను చూసిన భూములు గోండుల దగ్గర లేవని 1982 నాటి పుస్తకంలో రాశాడు. అంతకు ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, భూమి కోసం ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు.

1983లో సాహు, అల్లం రాజయ్య 'కొమురం భీం' నవల వచ్చింది. కరీంనగర్ నేల నుంచి వచ్చిన రచయితలు ఆదిలాబాద్ అడవిని తెలుగు పాఠకుడి ముంగిట నిలిపారు. ఆ నవల చేసిన మేలు సామాన్యమైంది కాదు. కానీ ఆ దారిన వచ్చిన మనలో ఎందరం మార్లవాయి పంతులు గురించి ఒక్క కథయినా రాశాం? పొద్దున పలక, సాయంత్రం చేను, రాత్రి గూడెం తరఫున అర్జీ - ఆ జీవితంలో తుపాకీ మోత లేదు కాబట్టి మనకు కథ కనిపించలేదు. పైగా రాసిందంతా తెలుగులోనే. గోండు తన భాషలో ఏమంటాడో వినే ఓపిక మనకు లేకపోయింది.

లిపిలేని భాష అని మనం అలవాటుగా రాసేసిన గోండీకి లిపి ఉందని తెలియడానికి ఈ శతాబ్దం దాకా పట్టింది. నార్నూర్ ప్రాంతంలోని గుంజాలలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వాటిని లోకం దృష్టికి తెచ్చారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లో చేరింది. అప్పటికి ఆ అక్షరాలు చదవగలిగిన పెద్దలు గుంజాలలో కొద్దిమందే మిగిలారు. వాళ్ళు గూడెం పిల్లలకు ఆ అక్షరాలు దిద్దించారు.