ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ సరుకు: ఆంధ్రతీర చరిత్ర

తుఫానుకు పగిలిన ఓడలోని సరుకు ఒడ్డుకు చేరితే అది ఎవరికి చెందాలి? ఈ ప్రశ్నకు తెలుగునేల మీద రాతిలో చెక్కిన జవాబు కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం. శకవర్షం 1166, అంటే క్రీ.శ. 1244–45 నాటిది. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉంది.

అంతకుముందు రాజులు ఏం చేసేవారో ఈ శాసనమే దాచకుండా చెబుతుంది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడ గాలివానలో చిక్కి, బద్దలై తీరాన పడితే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. సముద్రం ముంచగా మిగిలింది రాజు పాలయ్యేది. గణపతిదేవుడు దీన్ని మాన్పించాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకొని సముద్రానికి ఎదురొడ్డి వచ్చే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణీత సుంకం మినహా మిగతాదంతా వాళ్ళకే విడిచిపెడుతున్నట్టు చాటాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. మంచిగంధం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, తగరం, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు: ఏ సరుకుకు ఎంత చెల్లించాలో గద్యాణాల్లో, పణాల్లో లెక్క కట్టి అదే శాసనంలో చెక్కించాడు.

దయ అన్న మాట పక్కనే సుంకాల పట్టిక ఉండటాన్ని తప్పుగా చూడనక్కర్లేదు. దోచుకుంటే ఒక్క ఓడ సరుకే దక్కుతుంది. నమ్మకం కుదిరితే ఏటా ఓడలు వస్తాయి, ఏటా సుంకం వస్తుంది. ఈ సంగతి గ్రహించి దాన్ని ఎవరైనా చదువుకొనేలా రాతిమీద పెట్టడమే ఆ రాజు గొప్పతనం. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం మనిషో కుక్కో పిల్లో ప్రాణంతో బయటపడితే ఆ ఓడను దిక్కులేనిదిగా లెక్కించరాదనీ, ఏడాది మీద ఒక రోజు సరుకును భద్రపరచి సొంతదారు వస్తే ఇవ్వాలనీ చెప్పింది. మోటుపల్లి శాసనం దానికన్నా ముప్పై ఏళ్ళు ముందుది. పడమటి తీరంలో మలబారు రాజులు చాలామంది పగిలిన ఓడల సరుకును ఖజానాకు చేర్చేవారనీ, కాలికట్‌లో మాత్రం సొంతదారుకే దక్కేదనీ, ఆ రేవు కళకళలాడటానికి అదే కారణమనీ 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు.

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న డోన్ వైపు మెట్టసీమకూ ఈ కథతో సంబంధం ఉంది. మోటుపల్లి పేరును ‘ముత్ఫిలి’గా రాసిన మార్కోపోలో, ఆ రాజ్యంలో వానలకు కొండవాగులు పారి ఎండాక జనం వాగుల్లో వజ్రాలు ఏరుకుంటారని వర్ణించాడు. డోన్–గుంతకల్లు రైలుదారిలోని తుగ్గలిలో, దాపునున్న జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే వజ్రాల కోసం వెతికేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. మేలైన రాళ్ళు మంగోలు చక్రవర్తి మహాఖానుకూ, ఇతర దేశాల రాజులకూ వెళ్ళేవని మార్కోపోలో మాట. రేవులో వర్తకుడికి భరోసా ఉంటేనే లోనాటి సరుకుకూ గిరాకీ ఉంటుంది.

కాకతీయుల తర్వాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి మోటుపల్లిలోనే వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. కొడుకులు లేకుండా చనిపోయిన వర్తకుడి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని ఎత్తివేశాడు.

స్వతంత్ర భారతంలో 1958 నాటి నౌకావాణిజ్య చట్టం, దొరికిన ఓడ సరుకును ప్రభుత్వం నియమించిన అధికారికి అప్పగించాలనీ, సొంతదారు ఏడాదిలోగా హక్కు నిరూపించుకోవచ్చనీ చెప్పింది. 2022 మేలో అసని తుఫాను వేళ శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాలి మండలం సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొస్తే, ఊరివాళ్ళు తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగారు. పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత కాకినాడ దగ్గరి ఉప్పాడ ఇసుకలో జనం బంగారు రేణువులు ఏరుకున్నారు. అది ఓడ సరుకు కాదు. కడలి కోతకు కూలిన పాత ఇళ్ళ, గుళ్ళ బంగారమని అక్కడివాళ్ళ నమ్మకం.

సరుకు స్వభావం కూడా మారిపోయింది. 2025 మేలో కేరళ తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ 640కి పైగా కంటైనర్లతో మునిగింది. ఒడ్డుకు చేరినవాటిని ముట్టుకోవద్దని అధికారులు హెచ్చరించారు. ప్లాస్టిక్ గుళికలు ఇసుకలో కలిసిపోయాయి, వాటిని ఏరేందుకు స్వచ్ఛంద కార్యకర్తలు దిగాల్సి వచ్చింది. తీరానికీ మత్స్యకారులకూ జరిగిన నష్టానికి 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ కేరళ ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళింది.