మజిలీ: దిగే చోటు

మజిలీ అనగానే తెలుగువారికి కాశీ గుర్తొస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలు రాశాక ఆ రెండు మాటలూ జంటగా నిలిచిపోయాయి. అయితే ఈ మాట పుట్టింది అరబ్బీలో. 'నజల' అంటే దిగాడు అని. దిగే చోటు 'మంజిల్'. పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి చేరేసరికి నడుమ సున్నా పోయింది, చివర ఈకారం వచ్చింది, మజిలీ అయింది.

పరాయి మాటైనా మన నుడికారంలో ఇట్టే ఇమిడిపోయింది. ఊరినుంచి వచ్చినవారిని ఇప్పటికీ "ఎక్కడ దిగారు?" అనే అడుగుతాం. ఎక్కడ బస చేశారని దానర్థం. దిగడమంటే ఉండడమని అరబ్బులూ మనమూ ఒకేలా అనుకున్నాం. దీనితోపాటే వచ్చిన మరో మాట మకాం, అంటే నిలిచే చోటు. మకాం పెట్టినవాడు నాలుగు రోజులుంటాడు. మజిలీ చేసినవాడు తెల్లవారకముందే మూట కడతాడు.

ఉర్దూలో మంజిల్‌కు గమ్యమనే అర్థం కూడా బలపడింది. తెలుగు ఆ అర్థం జోలికి పోలేదు. మజిలీ గమ్యం కావాలంటే ముందు 'చివరి' అని చేర్చక తప్పదు. ఈ తేడాలోనే దూరపు కాలినడక యాత్ర రహస్యముందని నా నమ్మకం. క్షేత్రం చేరడం ఒక్కసారే జరుగుతుంది. దిగడం రోజూ జరుగుతుంది. మనిషిని మార్చేది రోజూ జరిగేదే.

ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలానికి నడిచి వచ్చే భక్తుల్ని చూడండి. ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాస ద్వారం ఎక్కుతారు. అడవిలో బస దొరకగానే మనిషి ముందు నెత్తిమీది మూట దించుతాడు. తర్వాత కూలబడి, అరికాలు తొడమీదికి తిప్పుకుని బొబ్బలు చూసుకుంటాడు. పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి చెంబుతో నీళ్లందిస్తాడు. ఎవరో వండిన అన్నం విస్తట్లో పడుతుంది. ఊళ్లో పదిమందికి పెట్టే ఆసామి ఇక్కడ చెయ్యి చాస్తాడు. మూటతోపాటు 'నేను' కూడా కాస్త కిందికి దిగేది అప్పుడే.

సుబ్బన్న దీక్షితులకు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన కథల్లో కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడు తోడుకోసం ఒక పశులకాపరి కుర్రాణ్ణి వెంటబెట్టుకుంటాడు. దారిలో కనిపించిన వింత గురించి మజిలీలో కథ చెప్పాలన్నది ఆ కుర్రాడి షరతు. నడిచేటప్పుడు కళ్లు చూస్తాయి. చూసింది మనసుకెక్కేది దిగాకనే. ఆ ఇద్దరి గురుశిష్య సంబంధాన్ని దీక్షితులు నిలిపింది మజిలీలోనే.

1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఊరూరి దూరాలూ, నీటి వసతీ, అంగళ్లూ శ్రద్ధగా రాసిపెట్టాడు. తన వెనక వచ్చేవారు ఎక్కడ దిగాలో తెలియడానికి అంతకన్నా మేలైన సాయం లేదు. ఆయన పల్లకీలో వెళ్లాడన్నదీ మరవకూడదు. పల్లకీ మోసిన బోయీలకు మజిలీ అంటే అక్షరాలా భుజం మీది బరువు దించే చోటు. ఆ మాట అసలు అర్థం అందరికన్నా బాగా ఎరిగినవారు వారే.

సూఫీలు ఈ మాటను లోపలి దారికీ అన్వయించారు. 11వ శతాబ్దంలో హెరాత్‌లో జీవించిన ఖ్వాజా అబ్దుల్లా అన్సారీ, దేవుడి వైపు నడిచేవాడి దారిని వంద మజిలీలుగా వివరిస్తూ గ్రంథం రాశాడు. ఖురాన్‌ను వారం రోజుల్లో పారాయణ చేయడానికి వీలుగా విభజించిన ఏడు భాగాల పేరు కూడా మంజిలే. పరుగున ముగించేది కాదు, ఆగి ఆగి చదవాల్సిందని ఆ పేరే చెబుతోంది.

ఇప్పుడు శ్రీశైలానికైనా తిరుమలకైనా నడిచేవారు గంటకెన్ని కిలోమీటర్లో ఫోన్‌లో చూసుకుంటున్నారు. నడవబోయేవారికి నా మనవి ఒక్కటే: ఎంత దూరం నడుస్తామన్నది తర్వాత, ఎక్కడ దిగుతామన్నది ముందు రాసుకోండి. దిగిన చోట ఫోన్ పక్కన పెట్టి పక్కవారి ఊరేదో అడగండి. దారి పక్కన ఇల్లున్నవారు యాత్రల రోజుల్లో అరుగు ఖాళీగా ఉంచి, ఒక బిందె నీళ్లు పెట్టండి. అవి రెండూ ఉంటే మజిలీ ఏర్పడినట్టే.