1839: నెల్లూరు సీమలో 'వహాబీ' భయం

మద్రాసు నుండి ఉత్తరానికి సాగే రాజమార్గం గూడూరు మీదుగా నెల్లూరు చేరుతుంది. కంపెనీ పాలనలో సిపాయీలు, వర్తకులు, ఫకీర్లు ఈ బాటనే నడిచేవారు. దారిన పోయే ఫకీరు సైతం దొరల కంటికి శత్రువుల వేగులవానిగా కనిపించిన కాలం ఒకటుంది.

1838లో కంపెనీ సైన్యాలు ఆఫ్ఘన్ యుద్ధానికి తరలాయి. రష్యా, పర్షియా దండెత్తి వస్తాయన్న వదంతులు దేశమంతటా వ్యాపించాయి. 1806 నాటి వేలూరు తిరుగుబాటు దొరల మనసుల్లో మెదులుతూనే ఉంది. ఇటువంటి సమయంలో దక్కనులో ముస్లిముల కుట్ర ఒకటి సాగుతున్నదని నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్ పైవారికి తెలిపాడు. హైదరాబాదులో రెసిడెంటు ఫ్రేజర్ విచారణకు పూనుకున్నాడు.

ఫలితం తీవ్రంగానే ఉండింది. నిజాము సోదరుడు ముబారిజుద్దౌలా 1839లో నిర్బంధితుడై, 1854లో మరణించేవరకు గోల్కొండ కోటలోనే ఉండిపోయాడు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యం కోల్పోయి తిరుచిరాపల్లికి తరలింపబడి, 1840లో అక్కడే హతుడయ్యాడు. నెల్లూరు జిల్లా ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ రాజద్రోహిగా నిర్ణయింపబడి చెంగల్పట్టుకు పంపబడ్డాడు. అంతటితో ఆ జాగీరు అంతరించింది.

ఈ ముగ్గురినీ ఒకే తాటికి కట్టిన మాట 'వహాబీ'. అది వారు పెట్టుకున్న పేరు కాదు. 1831లో బాలాకోటలో షహీదైన సయ్యద్ అహ్మద్ అనుయాయులు తమ మార్గాన్ని తరీఖా ముహమ్మదియా అన్నారు. ముబారిజుద్దౌలాకు వారితో సంబంధం ఉన్నమాట నిజమే. అయితే ఒక బోధనను ఆదరించడం వేరు, రాజ్యాన్ని కూలద్రోయ పూనుకోవడం వేరు. కర్నూలు కోటలో ఆయుధాలు విస్తారంగా దొరికినమాటా నిజమే. కాని ఆయుధాలు దొరకడం ఒక సంగతి, వాటిని ఎవరిపై ఎక్కుపెట్టదలచాడన్నది మరొక సంగతి. భయం ఈ తేడాలను చూడనివ్వదు. ముందు నేరం నిశ్చయమైపోతుంది, సాక్ష్యాలు దాని వెంట నడిచివస్తాయి.

విచిత్రమేమంటే, తరువాతి కాలంలో మనవారిలోనూ కొందరు ఈ అభియోగాన్ని యథాతథంగా స్వీకరించారు. దొరలు నేరమన్న దానినే వీరు స్వాతంత్ర్య వీరత్వమని కీర్తించారు. నిందను కిరీటంగా మార్చినంత మాత్రాన అది నిజమైపోదు. చరిత్రకారుడు చంద్ర మల్లంపల్లి 2017లో వెలువరించిన గ్రంథంలో ఈ ఉదంతాన్ని తిరిగి శోధించి, కుట్ర అన్న మాట పక్కన ప్రశ్నార్థకం ఉంచాడు. ఆ ప్రశ్న 1839లోనే, తీర్పుకు ముందే, అడగవలసింది.

వార్త తెచ్చినవాని మాటను విచారించకుండా నమ్మితే తెలియక ఒక జనసమూహానికి హాని కలుగుతుందని, ఆపై పశ్చాత్తాపమే మిగులుతుందని సూరె హుజురాత్ హెచ్చరిస్తున్నది. ఈ హెచ్చరిక పాలకులకు మాత్రమే కాదు. ఇతరులను గురించి మనం విన్న వార్తలకూ అది వర్తిస్తుంది. ఉదయగిరి జాగీర్దారు పట్ల జరగని న్యాయాన్ని మనం కోరుతున్నామంటే, మన పొరుగువారిపై వచ్చే నిందనూ అదే త్రాసులో తూచవలసి ఉంటుంది.