నవంబర్ పొగ వెనుక ఒక నీటి చట్టం

కరోల్ బాగ్, ఓల్డ్ రాజేందర్ నగర్ లైబ్రరీల్లో కూర్చునే మనకు నవంబర్ అంటే మాస్కు, దగ్గు, మూసిన కిటికీలు. కారణం అడిగితే "పంజాబ్, హర్యానా రైతులు వరి కొయ్యలు కాల్చడం" అని ఒక పాయింట్ రాసేసి ముందుకు పోతాం. పాయింట్ తప్పు కాదు. కానీ ఆ మంట సరిగ్గా ఆ రెండు మూడు వారాల్లోనే ఎందుకు పడుతుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పంజాబ్ మొదటినుంచీ వరి నేల కాదు. 1960-61లో అక్కడ వరి సాగు 2.27 లక్షల హెక్టార్లే. ఇప్పుడు 30 లక్షలు దాటింది. హరిత విప్లవపు పొట్టి వంగడాలు, మద్దతు ధర, గ్యారంటీగా ప్రభుత్వ కొనుగోలు, గొట్టపు బావులు, 1997 నుంచి ఉచిత కరెంటు. ఇన్ని కలిసొస్తే ఏ రైతైనా వరే వేస్తాడు. దేశం గోదాములు నిండాయి, పంజాబ్ భూగర్భజలాలు అడుగంటాయి.

మే నెల ఎండలో నాట్లు వేస్తే మడిలో పెట్టిన నీరు చాలావరకు ఆవిరైపోతుంది. దాన్ని ఆపడానికి 2008లో ఆర్డినెన్స్, 2009లో చట్టం తెచ్చారు. మే 10కి ముందు నారు పోయకూడదు, జూన్ 10కి ముందు నాటకూడదు. హర్యానా కూడా అదే బాట పట్టింది. 2018లో పంజాబ్ నాట్ల తేదీని జూన్ 20 దాకా జరిపింది. ఉద్దేశం మంచిదే, అవసరం కూడా.

నాటు వెనక్కి జరిగితే కోతా వెనక్కి జరుగుతుంది. గోధుమ మాత్రం ఆగదు. నవంబర్ మధ్యకల్లా విత్తనం పడకపోతే, వేసవి మొదట్లోనే వచ్చే వేడికి గింజ సరిగా నిండదు. వరికోత మిషన్ గింజ తీసుకుని, కొయ్యలను పొలంలోనే వదిలేస్తుంది. మన వైపు వరిగడ్డి అంటే గడ్డివాము, పశువుల మేత (మిషన్లు వచ్చాక మన దగ్గరా కాల్చడం మొదలైందనుకోండి). పంజాబ్‌లో మేత గోధుమ గడ్డి. బాస్మతి కాని వరిగడ్డిలో సిలికా ఎక్కువని పశువులకు పెద్దగా వేయరు. కాబట్టి అగ్గిపుల్లే చౌక.

అక్టోబర్ చివరికి రుతుపవనాలు వెళ్లిపోయి ఉంటాయి. గాలి నెమ్మదిస్తుంది, రాత్రుళ్లు చల్లని గాలి కింద చిక్కుకుని పొగ పైకి లేవదు. నెల రోజుల ముందైతే ఇదే పొగ చాలావరకు చెదిరిపోయేది. నీళ్లు కాపాడబోయి మంటను చలికాలపు గుమ్మం దగ్గరికి తోసాం.

ఈ పొగ ముందు తాకేది ఢిల్లీని కాదు. మంటల లెక్కల్లో తరచూ ముందుండే సంగ్రూర్ లాంటి పంజాబ్ పట్టణాలను. ఉపగ్రహం ఆ పొలాల్లో మంటలను లెక్కపెడుతుంది. అక్కడి పిల్లలు పీల్చే గాలిని కొలిచే యంత్రాలు మాత్రం తక్కువ. ఒక్క ఢిల్లీలోనే 40 వరకు మానిటరింగ్ కేంద్రాలుంటే పంజాబ్ మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంకో సంగతి: ఢిల్లీ కాలుష్యంలో కొయ్యల వాటా కొన్ని రోజుల్లో మూడో వంతు దాటినా, డిసెంబర్ మధ్యకల్లా దాదాపు ఉండదు. అయినా మన కిటికీలు అప్పుడూ మూసే ఉంటాయి.

2015లో ఎన్జీటీ కొయ్యలు కాల్చడాన్ని నిషేధించింది. 2018లో కేంద్రం యంత్రాలకు రైతుకైతే 50, సంఘాలకైతే 80 శాతం సబ్సిడీ ఇచ్చింది. ఏడాదికి మూడు వారాలు నడిచే యంత్రాన్ని చిన్న రైతు కొంటాడా? 2024 నవంబర్‌లో జరిమానాను రెట్టింపు చేసి, ఐదెకరాలు దాటితే 30 వేలు అన్నారు. నా దృష్టిలో వీటన్నిటికన్నా పదునైన మార్గం వంగడం మార్చడం. ఎక్కువ దిగుబడి ఇచ్చే పూసా-44 పంటకాలం దాదాపు 160 రోజులు. లూధియానా విశ్వవిద్యాలయం తెచ్చిన పీఆర్-126 దానికన్నా నెల రోజుల ముందే కోతకు వస్తుంది. పంజాబ్ 2024 సీజన్ నుంచి పూసా-44ను ఆపేసింది. ఆ ఏడాదే మిల్లర్లు అడ్డం తిరిగారు: క్వింటాల్ వడ్లకు 67 కిలోల బియ్యం ఇవ్వాలన్నది నిబంధన, పీఆర్-126 మర ఆడిస్తే అంత రావడం లేదని. వడ్లు మార్కెట్ యార్డుల్లోనే ఆగిపోయాయి, పక్కన గోధుమ విత్తే గడువు దగ్గరపడుతోంది.