తీగ లాగితే...

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ మాట పుట్టిననాటికి గోడల్లోంచి తీగలు నడిపించే బాధ ఎవరికీ లేదు. దీపాల తీగలు మన అమ్మల కాలంలోనే వచ్చాయనుకోండి. ఇప్పుడు వాటి పక్కన ఇంటర్నెట్ తీగ కూడా ప్రతి గదికీ వెయ్యాలా, వద్దా అన్నది కొత్త ప్రశ్న. "వై-ఫై ఉండగా తీగలెందుకండీ?" అంటాడు మేస్త్రీ. ఇంటాయన తలూపుతాడు. ఇల్లాలిని అడిగేవాళ్ళుండరు. ఆవిడ కూడా, "అదేదో మగవాళ్ళ గొడవ" అని వంటింటి గట్టు రాయి రంగు గురించి ఆలోచిస్తూ ఉండిపోతుంది.

ఇది మగవాళ్ళ గొడవ కాదని నూట ముప్ఫై ఏళ్ళ కిందటే చెప్పిన మహాతల్లి ఒకావిడ ఉంది. 1891లో లండన్‌లో 'డెకరేటివ్ ఎలక్ట్రిసిటీ' అనే పుస్తకం వెలువడింది. రచయిత్రి మిసెస్ జె.ఇ.హెచ్. గార్డన్. అసలు పేరు ఆలిస్. భర్త విద్యుత్ ఇంజనీరు. ఎడిసన్ దీపం పుట్టి అప్పటికి నిండా పన్నెండేళ్ళు. ఏ గదికి ఎలాంటి దీపం నప్పుతుందో, అది ఎక్కడుంటే బాగుంటుందో, ఇంట్లో మసిలే మనిషి కళ్ళతో చూసి రాసిందావిడ. అగ్నిప్రమాదాల మీద ఒక్క అధ్యాయం మాత్రం భర్తగారిది. ఆ పంపకం నాకు భలే నచ్చింది. ప్రమాదం సంగతి ఇంజనీరుది, బతుకు సంగతి ఇల్లాలిది!

సరే, మన ఇంటర్నెట్ తీగ సంగతికి వద్దాం. దాని పై తొడుగు ఒలిచి చూస్తే లోపల ఎనిమిది సన్నటి రాగి తీగలుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులవి నాలుగు. ఒక్కొక్క దానికీ తెల్ల చారల జోడీ ఒకటి. ఏ జతకా జత పురి పెట్టి ఉంటుంది. ఈ పురి అలంకారం కోసం కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పక్క తీగల రొద వచ్చి మాటల్లో కలిసిపోతూ ఉండేది. రెండు తీగల్నీ మెలేస్తే ఆ రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన రెండింటికీ ఉన్న తేడాని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు గనక, రొద చెల్లుకి చెల్లైపోతుంది. ఆ మరుసటి ఏడాది, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెరిచారు.

కంప్యూటర్లని తీగతో కలిపిన కథ ఇంకా తమాషా. దానికి స్ఫూర్తి వైర్‌లెస్సే! హవాయీ దీవుల్లో నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు 1971లో దీవి దీవికీ రేడియోతో కంప్యూటర్లని కలిపాడు. పేరు అలోహానెట్. అది చదివిన రాబర్ట్ మెట్‌కాఫ్ అనే యువకుడు, కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో కూర్చుని, 1973 మే 22న ఒక నోటు రాశాడు. గాలిలో చేసిన పనిని తీగలో చేద్దామన్నది అందులోని సారాంశం. పేరు కోసం 'ఈథర్' అనే పాత మాటని తవ్వి తీశాడు. వెలుతురు ప్రయాణం చెయ్యడానికి లోకమంతా నిండిన పదార్థమేదో ఉందని పూర్వం శాస్త్రజ్ఞులు నమ్మి, దానికి పెట్టిన పేరది. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఎంత వెదికినా దాని జాడ దొరకలేదు. అలా లేని వస్తువు పేరు ఉన్న తీగకి అంటుకుంది - ఈథర్‌నెట్!

దాని పద్ధతి మాత్రం మన పేరంటాల్లోంచి ఎత్తుకుపోయిందే. మాట్లాడబోయే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విను. ఇద్దరూ ఒకేసారి అందుకుంటే ఇద్దరూ ఆగండి. కాస్సేపాగి మళ్ళీ మొదలెట్టండి. ఆ 'కాస్సేపు' ఎవరికి వారికి వేరుగా ఉండాలి, లేకపోతే మళ్ళీ ఇద్దరూ ఒక్కసారే నోరు విప్పుతారు! ఇప్పుడు 'స్విచ్' అనే పెట్టె వచ్చి ఎవరి తీగ వాళ్ళకి ఇచ్చేసింది గనక ఆ ఘర్షణే లేదు. మెట్‌కాఫ్‌కి 2022 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు.

ఈ కథలో ఒక స్త్రీ కూడా ఉంది, పేరు రేడియా పెర్ల్‌మన్. తీగలు పెరిగే కొద్దీ, పొరపాటున రెండు దారులు చుట్టుకుని వలయంగా ఏర్పడితే, సందేశం గానుగెద్దులా అందులోనే తిరుగుతూ అందరి పనీ ఆపేస్తుంది. 1985లో ఆవిడ దీనికి విరుగుడు కనిపెట్టింది. పెట్టెలు తమలో తాము మాట్లాడుకుని, అక్కర్లేని దారులు మూసేసుకుని, కొమ్మలున్న చెట్టులా అమరిపోతాయి. ఆ వ్యాసంలోనే దాని మీద చిన్న పద్యం కూడా కట్టిందావిడ! కొందరు 'ఇంటర్నెట్ తల్లి' అంటారు గానీ ఆ బిరుదు ఆవిడకే నచ్చదు.

మన దేశంలో సామాన్యులకి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పట్లో టెలిఫోను తీగలోంచే. అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చుంటే అత్తగారికి ఫోను లేదన్నమాటే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బడీ, ఆఫీసూ ఒక్కసారిగా ఇంట్లోకి వచ్చి పడ్డాయి. తలుపున్న గదీ, సిగ్నలున్న మూలా ఎవరికి దక్కాయో, డైనింగ్ టేబులు చివర సర్దుకున్నదెవరో, మీ ఇంట్లో మీరే జ్ఞాపకం చేసుకోండి.

వై-ఫై మంచిదే. కాని ఇనుప ఊచల కాంక్రీటు గోడ దాటేసరికి నీరసపడుతుంది. అపార్ట్‌మెంటులో ఇరుగూ పొరుగూ అందరూ అదే గాలిని పంచుకోవాలి. పాత రకం వై-ఫై తిరిగే తరంగాల్లోనే మన వంటింటి మైక్రోవేవ్ ఓవెనూ పని చేస్తుంది గనక, మీరు పాలు వేడి చేస్తే అమ్మాయి ఇంటర్వ్యూ తడబడవచ్చు. గోడలోని తీగకి ఈ తగువులు లేవు. ఒకే తీగ నూరు మీటర్ల దాకా పోతుంది. మన ఇళ్ళు అంతకన్నా పెద్దవా?

అందుకని స్లాబు పొయ్యకముందే, గోడకి ప్లాస్టరింగ్ కాకముందే మేస్త్రీని కూర్చోబెట్టండి. అన్ని గదుల తీగలూ గాలి ఆడే ఒక్కచోటికి చేరాలి. అక్కడ కరెంటు ప్లగ్గు ఉండాలి. దీపాల తీగల పైపులో దీన్ని దూర్చకూడదు, వేరే పైపు వెయ్యాలి. ఆ పైపులో ఒక తాడు వదిలేస్తే రేపు కొత్తరకం తీగ వచ్చినప్పుడు గోడ పగలగొట్టకుండా లాగేసుకోవచ్చు. హాలు కప్పులో వై-ఫై పెట్టె కోసం ఒక తీగ. పైపులన్నీ కనబడుతుండగానే ఫోటోలు తీసి దాచుకోండి.

టీవీ దగ్గరా, ఆయన బల్ల దగ్గరా పాయింటు ఎవరూ అడక్కుండానే పడుతుంది. అమ్మాయి చదువుకునే చోటా, మీరు కూర్చుని రాసుకునే చోటా, కుట్టుకునే చోటా? అక్కడ కూడా ఒకటి కావాలని మీరే చెప్పాలి. "మీకెందుకమ్మా అక్కడ?" అని మేస్త్రీ తప్పకుండా అడుగుతాడు. "కావాలి, వెయ్యి నాయనా" అంటే చాలు. ఇవాళ అయితే పైపు ఖర్చుతో పోతుంది. గృహప్రవేశం అయ్యాక అడిగితే గోడ పగలగొట్టాలంటారు, అప్పుడు మీరే వద్దులెమ్మంటారు.