సముద్రభూతము - రాకుమారి

గ్రీకుల గాథలలో సముద్రభూతములకు కొదువ లేదు. ఆరు తలల స్కిల్లా, సుడిగుండమై ఓడలను మ్రింగు ఖారిబ్డిస్ అందరెరిగినవే. అయితే చిత్రకారుల కుంచెకు ఎక్కువ పని కల్పించినది 'కీటోస్' అను జలరాక్షసి. ఇథియోపియా రాజు కెఫియుస్ భార్య అందమును గూర్చి గర్వముగా పలుకగా, సముద్రదేవుడు కోపించి ఆ భూతమును దేశముపైకి పంపెను. శాంతికై రాకుమారి ఆండ్రొమెడాను రాతికి కట్టి బలి యిడబోగా, పెర్సియుస్ అను వీరుడు వచ్చి విడిపించెను. ఈ కథను చిత్రకారులు యుగయుగమున ఎట్లు చూచిరో మేము ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

క్రీ. పూ. 6వ శతాబ్దపు కొరింథు జాడీ యొకటి బెర్లినులో నున్నది. అందు భూతమునకు తల మాత్రమే కనబడును. పెర్సియుస్ కత్తి దూయలేదు. కాళ్ళ నడుమ కుప్పపోసిన రాళ్ళను రెండు చేతులతో రువ్వుచున్నాడు. పంటచేనిలో పడిన పందిని తరుము రైతువలె నున్నాడు.

రోమనుల కాలమునకు సముద్రమే ప్రధానమయ్యెను. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము పూడ్చివేసిన బోస్కోత్రెకాసె భవనపు కుడ్యచిత్రము నేడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది. నీలాకుపచ్చని విశాల జలముల నడుమ మనుష్యులు మిక్కిలి చిన్నవారు. ఒకే పటమున పెర్సియుస్ ఒకచోట ఎగిరి వచ్చుచు, మరొకచోట రాజుతో చేయి కలుపుచు కనిపించును.

16వ శతాబ్దపు తొలి పాదమున ఫ్లారెన్సు చిత్రకారుడు పియెరో ది కోసిమో, కోరలతోను మెలితిరిగిన తోకతోను ఉన్న భూతమును పటమునకు నడుమ నిలిపెను. వీరుడు దాని వీపుపై నిలిచి కత్తి యెత్తినాడు. 1554-56 నడుమ స్పెయిను రాజు రెండవ ఫిలిప్పునకై తిషియన్ చిత్రించిన పటమున, వీరుడు ఆకాశము నుండి తలక్రిందుగా దూకుచున్నాడు.

భూతము ఇన్ని రూపములెత్తినది. రాకుమారి మాటయేమి? ఆమె ఇథియోపియా కన్య. ఆమె మేనిచాయ నలుపని రోమను కవి ఓవిడ్ ఒక కావ్యమున చెప్పియున్నాడు. మరొక కావ్యమున ఆయనయే ఆమెను పాలరాతి బొమ్మతో పోల్చెను. చిత్రకారులు ఆ రెండవ మాటనే పట్టుకొనినట్లున్నది. పియెరో, తిషియన్ ఇరువురును ఆమెను తెల్లనిదానిగనే చిత్రించిరి. పియెరో పటమున నల్లని మనిషి లేకపోలేదు. అతడు ముందుభాగమున వాద్యము వాయించుచున్నాడు. ఎవరును కన్నులార చూడని భూతమును ఊహించుటకు వెనుదీయని వారు, నల్లని రాకుమారిని ఊహింపకపోవుట ఆలోచింపదగిన విషయము. ఇట్టి పటముల యెదుట నిలుచువారు, భూతమును చూచిన పిమ్మట ఆ రాతివైపు కూడ ఒక్కమారు దృష్టి సారింపవలెనని మా మనవి.