ఆ సైనికులు హెరాయిన్ ఎలా మానేశారు?

"కాస్త కంట్రోల్ చేసుకో బాబాయ్, గట్టిగా అనుకుంటే మానలేవా?" ఈ మాట నేను మా బాబాయ్‌తో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తలొంచుకుని వినేవాడు. సాయంత్రానికి మళ్లీ తాగొచ్చేవాడు. ఈ ఎపిసోడ్‌కి చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. ఎందుకో చెప్తా.

1971, వియత్నాం యుద్ధం. అమెరికా సైనికులకి అక్కడ హెరాయిన్ చాలా చవగ్గా, కల్తీ లేకుండా దొరికేది. ఎక్కువమంది సూదితో కాదు, సిగరెట్‌లో కలిపి పీల్చేవాళ్లు. ఈ సంగతి వాషింగ్టన్‌కి తెలిసి ఒకటే కంగారు. వీళ్లంతా ఇంటికొచ్చేస్తే ఏంటి పరిస్థితి? ఆ జూన్‌లోనే ప్రెసిడెంట్ నిక్సన్ మత్తుపదార్థాల వాడకాన్ని దేశానికి నంబర్ వన్ శత్రువు అని ప్రకటించి, జెరోమ్ జాఫీ అనే సైకియాట్రిస్ట్‌కి పని అప్పగించాడు.

రూల్ సింపుల్. ఫ్లైట్ ఎక్కేముందు యూరిన్ టెస్ట్. దొరికితే అక్కడే డీటాక్స్, ఆ తర్వాతే ఇల్లు. టెస్ట్ ఉందని ముందే తెలుసు కాబట్టి చాలామంది వాళ్లంతట వాళ్లే ఆపేశారు. ఇల్లు కళ్లముందు కనిపిస్తుంటే ఆ మాత్రం మోటివేషన్ వస్తుంది కదా!

అసలు కథ ఆ తర్వాతే. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు, ఆ సెప్టెంబర్‌లో తిరిగొచ్చినవాళ్లలో దాదాపు 900 మందిని వెతికి పట్టుకుని మాట్లాడించింది. ఉత్తి మాట నమ్మలేదు, శాంపిల్ కూడా తీసుకున్నారు. వియత్నాంలో బానిసలైనవాళ్లు సుమారు 20 శాతం. వాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది? దాదాపు 5 శాతమే. మూడేళ్లకి చూసినా 12 శాతం. అప్పట్లో అమెరికాలో ట్రీట్‌మెంట్ తీసుకున్న మామూలు హెరాయిన్ పేషెంట్లలో ఎక్కువమంది కొద్ది నెలల్లోనే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. అందుకే ఈ లెక్కలు చాలామంది నమ్మలేదు.

మరి ఈ సైనికులకి ఉక్కు సంకల్పమా? కాదండీ. వాళ్లలో సగం మంది ఇంటికొచ్చాక కూడా ఎప్పుడో ఒకసారి హెరాయిన్ వాడారు. వాడినా చాలామంది మునిగిపోలేదు. ఇక్కడ సరుకు ఖరీదు, కల్తీ. ఇంట్లోవాళ్ల కళ్లు, పోలీసుల భయం. పక్కన తాగించే తోటి సైనికులు లేరు, యుద్ధం లేదు. అయితే చోటు మారితే చాలు అనుకోకండి. సైన్యంలో చేరకముందే డ్రగ్స్ అలవాటున్నవాళ్లు మళ్లీ పడిపోవడం ఎక్కువ.

నాకనిపించేది, సంకల్పం వాళ్లకీ ఉంది, మా బాబాయ్‌కీ ఉంది. డీఅడిక్షన్ సెంటర్‌కి ఆయనే స్వయంగా వెళ్లాడు, నెల రోజులు ఉన్నాడు. బయటికొచ్చిన రోజు ఆయన్ని బైక్ మీద తెచ్చి ఇంటి దగ్గర దింపింది నేనే. పక్క సందులో బెల్టుషాపు. ఆయన పాత బ్యాచ్ అంతా అక్కడే కూర్చుని ఉంది. నేను హాయిగా హైదరాబాద్ బస్సెక్కేశాను.